పది నిమిషాల బ్రేక్

సెప్టెంబర్ 28, శనివారం

టేపు ఉంది.

ఇంటికొచ్చాక మూడుసార్లు లేచి చూశాను. బల్ల మీదే ఉంది. మాసిన అట్టపెట్టె, మూల మీద టీ కప్పు గుండ్రటి మరక, మూత మీద నీలం సిరాతో పది పాటల పేర్లు. కింద బ్యాండు పేరు, తేదీ: 'సెకండ్ పోస్ట్, మార్చి 79'.

నలభై ఏళ్ళు డెరిక్ దీన్ని వేణ్ణీళ్ళ ట్యాంకు పక్కన, దుప్పట్ల అలమరలో దాచుకున్నాడు. ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. తర్వాత ముప్పై ఏళ్ళు గ్రిమ్స్‌బీ రేవులో చేపల పెట్టెలు దింపాడు.

"నిజంగా ఇచ్చేస్తున్నారా?" అన్నాను.

"నా దగ్గరుంటే దుప్పట్లకి తోడు తప్ప ఏం లాభం పిల్లా? శాండీ వినాలి. అంతే." గుమ్మం దాకా వచ్చాడు. "బస్సులో ఒళ్ళో పెట్టుకో. సీటు మీద పెట్టకు." పెట్టె మీద నుంచి వేళ్ళు ఒక్కొక్కటిగా తీశాడు.

క్రమంగా రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను. పోయిన ఏడు క్లీథోర్ప్స్ ఆదివారం సంతలో, ఎవరి కారు డిక్కీలోనో, కుట్టు మిషను కింద నలిగిన చిన్న రికార్డు దొరికింది. ఈ బ్యాండుదే, 1978 నాటిది. అట్ట వెనక అడ్రసు మా పక్క వీధిది. పంక్ అనే అరుపుల సంగీతం ఊరూరా అంటుకుంటున్న రోజుల్లో వీళ్ళు అదే వేగంతో, అయినా రాగం వదలకుండా, చేయి తిరిగినవాళ్ళలా పాటలు కట్టారు. పంక్ వాళ్ళకి మరీ తీపి. రేడియో వాళ్ళకి మరీ మొరటు. ఐదువందల కాపీలు వేస్తే సగం చెత్తలోకి పోయాయట. ఆ రికార్డులో పాడింది గిటారు వాయించే నెవిల్. ఆయన ఇప్పుడు లేడు. కానీ పాట మధ్యలో వెనక నుంచి ఒక ఆడగొంతు రెండే రెండుసార్లు లేస్తుంది. ఆ రెండు క్షణాల కోసం సూది ఎత్తి ఎత్తి వెనక్కి పెట్టాను, గాడి అరిగేదాకా.

ఆ గొంతు శాండ్రాది, డెరిక్ శాండీ అన్న మనిషిది. ఈ టేపులోని ఆల్బం అంతా ఆమే పాడింది, పాటలూ ఆమెవే. అది రికార్డు చేసిన నెలకే కంపెనీ మూతబడింది, ఆల్బం బయటికే రాలేదు. టేపు ఇదొక్కటే.

నాకు ఇరవై ఆరు. లీడ్స్‌లో చరిత్ర చదివి, నాలుగు ఉద్యోగాల్లో చేరి నాలుగూ మధ్యలో వదిలేసి, బట్టలుతికే దుకాణం పైన గదిలో రికార్డు కంపెనీ పెట్టాను. కంపెనీ అంటే నేను, ఒక కెటిల్, మూసేసిన బడి నుంచి తెచ్చుకున్న టేపు మిషను. ఒక్కటైనా పూర్తి చేస్తావా అని అమ్మ అడగడం మానేసింది. అడిగినా బాగుండేది.

అక్టోబర్ 1, మంగళవారం

శాండ్రా ఇంటికి వెళ్ళాను. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మెడకి పచ్చ స్కార్ఫు. పదకొండేళ్ళ కిందట గొంతులో కాన్సరొస్తే స్వరపేటిక తీసేశారు. ఊపిరి మెడ కింద రంధ్రంలోంచే. మాట్లాడాలంటే స్కార్ఫు కింద బొటనవేలు పెట్టి రంధ్రం మూసుకోవాలి. అప్పుడు మాట వస్తుంది, గరుకుగా, కొంచెం కొంచెంగా.

కూర్చోగానే బొటనవేలు పైకి వెళ్ళింది. "ఏ పాట పాడమంటావ్?"

తెల్లమొహం వేశాను. ఆమె భుజాలు ఊగాయి. శబ్దం లేని నవ్వు.

"అందరూ బెదిరిపోతారు. నాకదో సరదా."

"మీ దగ్గర పాత రికార్డులేమైనా..."

"మా ఆయన పట్టుకుపోయాడు. కుక్కని వదిలేశాడు. మంచి బేరమే." బల్ల కింద కుక్క తన గురించేనని తెలిసి తోక కొట్టింది.

ఆల్బం వేయడానికి నేను తెచ్చిన ఒప్పందం కాగితం ఆఖరు దాకా చదివింది. చదివి, పెన్ను పట్టుకుని ఆగింది.

"ఒక షరతు. నాకంటే ముందు ఎవరూ వినకూడదు. నువ్వు కూడా."

"టేపు ఎక్కించే ఆయన వినక తప్పదు కదా?"

"ఆయన డాక్టరు లాంటివాడు. డాక్టరు చూడొచ్చు. నువ్వు అభిమానివి. వద్దు." బొటనవేలు తీసి ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ పెట్టింది. "ఆ గొంతు నన్నొదిలి పోయింది పిల్లా. తిరిగొస్తే తలుపు నేనే తీయాలి."

మాట ఇచ్చాను. సంతకం చేసింది.

అక్టోబర్ 3, గురువారం

హల్ నగరంలో ఉండే గ్విలిమ్‌కి ఫోన్ చేశాను. వేల్స్ మనిషి, పాత టేపులకి ప్రాణం పోస్తాడని పేరు. ఏ సంవత్సరం టేపు అని అడిగి, చెప్పగానే నిట్టూర్చాడు.

"ఆ కాలంవి జిగురు కారతాయమ్మా. తేమ తాగి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలాగే మిషనుకి ఎక్కిస్తే పాట ఊడొచ్చి మిషనుకే అంటుకుంటుంది. ముందు సన్నటి వేడిలో ఎండబెట్టాలి, ఎనిమిది గంటలు. నేను పుట్టగొడుగులు ఎండబెట్టుకునే పెట్టె ఉందిలే, అందులో. అది చల్లారాక ఆడిస్తాం. పన్నెండో తేదీ తీసుకురా. అంతవరకు ఎక్కించకు. చేత్తో తిప్పను కూడా తిప్పకు."

"తెలుసండీ."

"తెలిసినవాళ్ళే చేస్తారు తల్లీ. తెలియనివాళ్ళ దగ్గర మిషనే ఉండదు."

నవ్వాను.

అక్టోబర్ 5, శనివారం

ఇంకా ఏడు రోజులు. మూత తీసి చూశాను. చూడటం వినడం కాదు.

అక్టోబర్ 7, సోమవారం

పొద్దున డెరిక్ ఫోన్ చేశాడు, టేపు క్షేమమా అని. మాటల్లో అన్నాడు: ఆయన భార్య జీన్ ఉన్న రోజుల్లో చర్చి బృందం పాడేవి ఇంట్లో ఉన్న రీళ్ళ మీదే రికార్డు చేసుకునేదట. ఏ రీళ్ళో ఆయనకి గుర్తులేదు. "ఇది కాదులే" అన్నాడు. కాదులే అన్న గొంతులో నమ్మకం లేదు.

అయితే? శాండ్రాని కూర్చోబెట్టి చర్చి కీర్తనలు వినిపించనా? ఆ మనిషి మొహం ఎలా చూడాలి? ఎవరో ఒకరు ముందు చూసుకోవాలి. అది బాధ్యత. షరతు వినకూడదని, సరిచూడకూడదని కాదు. మొదటి పాట మాత్రమే. ఒక్కసారి.

మధ్యాహ్నం రెండున్నరకి ఎక్కించాను. కింద దుకాణంలో మిషన్లన్నీ తిరుగుతున్నాయి, గది నేల సన్నగా వణుకుతోంది.

చర్చి కాదు. 

నాలుగు కర్రదెబ్బలు. గిటార్లు ఒక్కసారిగా తలుపు తోసుకొచ్చినట్టు. వెనకే ఆమె.

పాట పేరు 'పది నిమిషాల బ్రేక్'. చేపల ఫ్యాక్టరీ, గంట కొట్టారు, గోడ వెనక ఇద్దరు. పల్లవిలో నిమిషాలు తగ్గుతూ వస్తాయి. 'ఇంకా ఏడుంది, చేతులు కడుక్కోకు, వాసన ఉండనీ.' ఆ గొంతులో తీపి లేదు. గాజు మీద ఉంగరంతో కొట్టినట్టుంది. ప్రేమిస్తోందో తగువు పెట్టుకుంటోందో తెలియదు. చివరి పల్లవికి ముందు అన్నీ ఆగిపోతాయి, డ్రమ్ములతో సహా. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది. నిండుగా, నింపాదిగా, గుంపంతా తనకోసం ఆగుతుందని తెలిసిన మనిషి తీసుకునే ఊపిరి. తర్వాత, 'ఒకటే ఉంది'.

రెండు నిమిషాల నలభై సెకన్లు. నలభై ఏళ్ళు దుప్పట్ల మధ్య ఉన్నది ఇదీ.

చివర్లో కాస్త కీచుమంది. అది మిషను బెల్టు.

ఒక్కసారే విన్నాను. టేపు బాగుంది.

అక్టోబర్ 8, మంగళవారం

మిషను లోపల దూదితో తుడిచాను. గోధుమరంగు అంటింది. బడి మిషను కదా, ఏళ్ళ మురికి. ఒక్కసారే విన్నాను.

అక్టోబర్ 12, శనివారం

హల్ వెళ్ళే వంతెన దాటేటప్పుడు బస్సులో టేపు ఒళ్ళోనే ఉంది.

గ్విలిమ్ చేతి తొడుగులు వేసుకుని, పెట్టె తెరిచి, టేపు చివర ఒక మూర చేత్తో లాగి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. నన్ను దగ్గరికి రమ్మని తలూపాడు.

టేపు గుండా కిటికీ కనిపించింది. ఎదురింటి పొగగొట్టం, దాని మీద సముద్రపు కాకి. గోధుమరంగు ఉండాల్సిన చోట గాజులా తేటగా ఉంది. మధ్యమధ్యలో మరకలు.

"ఎవరో ఎండబెట్టకుండా ఆడించారు" అన్నాడు. "ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ ఆడించారు. మొదటి పాట దాకే చేశారు, అదే నయం. ఆ పాట ఇంక లేదు. మిగతా తొమ్మిదీ దక్కొచ్చు." తర్వాత నావైపు తిరిగాడు. కోపంగా కాదు. "నువ్వు కాదు కదా?"

"డెరిక్ అయ్యుంటాడు. ఆయన దగ్గర అప్పట్లో మిషను ఉండేది."

బస్సు టికెట్ అడిగినంత తేలిగ్గా వచ్చింది మాట.

"పాపం. ఎప్పుడో తెలియక చేసుంటాడు. నీకెందుకు ఆ కష్టం, ఆయనకి నేను చెప్తాలే. నంబరు నువ్విచ్చిన కాగితం మీద ఉందిగా."

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

రోజంతా ఎండబెట్టి, చల్లార్చి, సాయంత్రం ఎక్కించాడు. తొమ్మిది పాటలు నడుస్తున్నంతసేపూ నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. మాట ఇచ్చాను కదా, శాండ్రాకంటే ముందు వినకూడదు.

"నిజాయితీ గల పిల్లవి" అన్నాడు గ్విలిమ్, తలుపు తీస్తూ. "నేనైతే చెవి ఆనించేవాణ్ణి."

అక్టోబర్ 13, ఆదివారం

డెరిక్ వచ్చాడు. దుకాణం మెట్లెక్కి ఆయాసపడుతూ, చేతిలో కాగితం చుట్టిన చేపముక్కలు.

"క్షమించు పిల్లా."

కెటిల్ పెట్టాను.

"జీన్ పోయిన ఏడాది నేను మనిషిగా లేను. పొద్దున్నే మొదలెట్టేవాణ్ణి తాగడం. అప్పటికి పాత మిషను అమ్మలేదు. ఏ రోజు ఏం చేశానో నాకే తెలియదు. ఆ టేపులాయన చెప్పాక రాత్రంతా గుర్తు చేసుకున్నా. చేసే ఉంటాను. ఆ పాటే పెట్టుకునుంటాను, ఇంకేది పెడతాను?"

"ఎందుకు, ఆ పాటే?"

కప్పులోకి చూస్తూ చెప్పాడు. "గోడ వెనక శాండీతో ఉన్నది నేనే కదా. ఆ పది నిమిషాలూ నావే. జీన్‌కి తెలుసులే, దాచలేదు." టీ తాగాడు. "శుక్రవారం నువ్వు ఆమెకి వినిపిస్తావు కదా, నేనూ వస్తా. నేనే చెప్తా. ముప్పై ఏళ్ళయింది ఆమెతో ఒక గదిలో కూర్చుని. కూర్చునేది ఇందుకనుకోలేదు."

చెప్పబోయాను. బిస్కెట్ తీసుకుంటారా అని అడిగాను.

తీసుకున్నాడు.

అక్టోబర్ 14, సోమవారం

ఆయన చెప్తే ఆమె క్షమిస్తుంది. నేను చెప్తే ఒప్పందం చించేస్తుంది. తొమ్మిది పాటలూ మళ్ళీ అలమరలోకి పోతాయి. అందుకని ఆయన చెప్పడమే అందరికీ మంచిది. ఆయనకీ అంతే, ఆయన చేసే ఉంటాడని ఆయనే అంటున్నాడు కదా. తొమ్మిది పాటల ఆల్బంలు బోలెడున్నాయి.

అక్టోబర్ 15, మంగళవారం

చేపముక్కలు తినలేదు. పారేయలేదు కూడా.

అక్టోబర్ 16, బుధవారం

నాలుగుసార్లు.

మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి కీచుమంది, అది బెల్టు కాదని నాకు అప్పుడే తెలుసు. మూడోసారి ఆమె గొంతు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది, ఊపిరి సరిగ్గా వినపడలేదు. ఆ ఊపిరి కోసం నాలుగోసారి పెట్టాను. మిషను కింద గోధుమరంగు పొడి రాలింది, దాల్చిన చెక్క పొడిలా. చేతులతో ఎత్తి చెత్తబుట్టలో వేశాను. శాండ్రా గొంతుని చెత్తబుట్టలో వేశాను.

చర్చి పాటలు కాదని మొదటి నాలుగు సెకన్లలోనే తెలిసింది.

ఇప్పుడు కనీసం ఈ కాగితానికి తెలుసు.

అక్టోబర్ 18, శుక్రవారం

ఇవాళే రాయాలి.

నేను వెళ్ళేసరికి డెరిక్ అప్పటికే ఉన్నాడు. టై కట్టుకున్నాడు. ఇద్దరూ బల్లకి చెరోవైపు, మధ్యలో బిస్కెట్ డబ్బా. ఏదో జోకు నడుస్తున్నట్టుంది, ఆమె భుజాలు ఊగుతున్నాయి. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"శాండీ, పాటలు పెట్టేముందు ఒక మాట. నేనొక వెధవ పని చేశాను."

"ఒక్కటేనా?" అంది శాండ్రా.

"వినవే. మన టేపు..."

"ఆయన కాదు" అన్నాను. "నేను."

"ఊరుకో పిల్లా. నన్ను కాపాడాలని నువ్వు..."

"కాదు డెరిక్. మీరు ఏమీ చేయలేదు. ఏడో తేదీ, మధ్యాహ్నం రెండున్నరకి, నా మిషను మీద. ఆడించొద్దని గ్విలిమ్ చెప్పాక. వినొద్దని ఈవిడ చెప్పాక. మొదటి పాట ఊడిపోయింది, అది ఇంక రాదు. గ్విలిమ్ అడిగితే మీ పేరు చెప్పాను."

డెరిక్ కూర్చున్నాడు. టై ముడి వదులు చేసుకుంటూ అన్నాడు, "నిన్న జీన్ సమాధి దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పొచ్చానే." తర్వాత, "ఆదివారం నీ చేతి టీ తాగాను." అరిచి ఉంటే బాగుండేది.

శాండ్రా పెదాలు కదిలాయి. బొటనవేలు గొంతు మీద లేదు, శబ్దం రాలేదు. చాలా మాటలన్నది. ఒక్కటీ నాకు అందలేదు. అందకపోయినా అర్థమయింది. అప్పుడు వేలు పెట్టింది.

"ఏ పాట?"

"'పది నిమిషాల బ్రేక్'."

డెరిక్ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"బయటికి పో."

సంచీలోంచి గ్విలిమ్ చేసిచ్చిన తొమ్మిది పాటల డిస్కు తీసి బల్ల మీద పెట్టాను. ఒప్పందం కాగితం కూడా పెట్టాను, చించుకుంటుందని. తలుపు గడియ మీద చేయి వేశాను. వెనక నుంచి బల్ల మీద దబదబా రెండు దెబ్బలు.

"ఆగు. మొత్తం విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది?"

"అలాంటి పాట నేను ఎప్పుడూ..."

"పొగడమన్నానా? ఎలా సాగుతుంది అని." ఊపిరి తీసుకుంది. "మాటలు కొన్ని గుర్తున్నాయి. రాగం పోయింది. నలభై ఏళ్ళు వెతుక్కున్నా. వీణ్ణి అడిగితే డ్రమ్ములు చెప్తాడు."

"డ్రమ్ములే కదా వాయించింది" అన్నాడు డెరిక్, ఎవరితోనో అన్నట్టు.

గదిలో ఆ పాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

"పాడు" అంది.

"నాకు పాడటం రాదు."

"నాకూ రాదు. పాడు."

తలుపుకి వీపు ఆనించి మొదలుపెట్టాను. కోటు కూడా విప్పలేదు. శ్రుతి ఎక్కడో, నేనెక్కడో. కుక్క లేచి పక్కగదిలోకి పోయింది. 'ఇంకా ఏడుంది' దగ్గర శాండ్రా కళ్ళు మూసుకుంది. మొదటి చరణం అయ్యేసరికి ఆగిపోయాను.

"ఎన్నిసార్లు విన్నావ్?"

ఒకటి అని నాలుక చివర దాకా వచ్చింది. "నాలుగు."

"నాలుగుసార్లు విని ఇంత దరిద్రంగానా?" బొటనవేలు తీసి, మళ్ళీ పెట్టి, "మళ్ళీ. నిమిషాలు పరిగెత్తాలి. నీకేమో నడుస్తున్నాయి. డెరిక్, వాయించు."

"దేనితో?"

ఆమె బిస్కెట్ డబ్బా ఆయన వైపు తోసింది. ఆయన నావైపు చూడలేదు. డబ్బా బోర్లించి, రెండు చెంచాలు తీసుకుని, నాలుగు దెబ్బలు కొట్టాడు. టేపులో విన్న నాలుగే. నేను అందుకోక తప్పలేదు.

ఈసారి పరిగెత్తింది. ఏడు, ఆరు, ఐదు. చేతులు కడుక్కోకు. శాండ్రా వేళ్ళు బల్ల మీద రాగాన్ని గీస్తున్నాయి, నేను తప్పిన చోటల్లా గోరుతో గట్టిగా కొడుతోంది. మూడు. రెండు. డెరిక్ ఆపేశాడు, ఎక్కడ ఆపాలో ఆయన చేతులకి తెలుసు. నేను ఆగకుండా 'ఒకటే ఉంది' అనేశాను.

గోరు కాదు, అరచెయ్యి పడింది బల్ల మీద.

"అక్కడ ఊపిరి ఉండాలి."

"తీసుకున్నానండీ."

"వినపడలేదు. అందరూ వినాలి. నువ్వు తీసుకునేదాకా ఎవడూ కదలకూడదు."

"టేపులో ఉంది" అన్నాను. "వాళ్ళందరూ ఆగారు. మీరు నింపాదిగా తీసుకున్నారు. దాని కోసమే నాలుగోసారి పెట్టాను."

ఆమె నన్ను చూసింది. క్షమించానని అనలేదు, అలాంటి చూపూ కాదు. మెడ వెనక చేతులు పెట్టి పచ్చ స్కార్ఫు ముడి విప్పింది. దాని కింద ఉన్నది డెరిక్ ఎప్పుడూ చూసుండడు. చెంచాలు గాల్లో పట్టుకుని, కళ్ళు తిప్పుకోకుండా చూశాడు. ఆమె డబ్బా వైపు చూపించి రెండు వేళ్ళు ఎత్తింది: 'రెండు' దగ్గర నుంచి మళ్ళీ.

రెండు. దెబ్బలు ఆగాయి.

వేలు అడ్డం పెట్టకుండా, మెడ కింద ఆ రంధ్రంలోంచి శాండ్రా ఊపిరి పీల్చుకుంది. నిండుగా, నింపాదిగా. గదిలో ఎవరూ కదల్లేదు.

నాకు తెలిసిన ఊపిరే. అంతే పొడవు.

నేను అందుకున్నాను. 'ఒకటే ఉంది.'